దేవేంద్ర చేయి

తిమ్మక్క గడప పక్కన పెట్టి వెళ్ళిన ఉగ్గాని ఇంకా వేడిగానే ఉంది. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అది నాకు తెచ్చింది కాదు. చచ్చిపోయిన నా మొగుడికి తెచ్చింది.

“పొద్దున్నే మగ్గం ఆడతాంటే వింటినమ్మా,” అరుగు మీద కూర్చున్న మా అత్త ఓబమ్మతో తిమ్మక్క అంటోంది. “అదే చేయి. రెండు దెబ్బలు, రవ్వంత ఆగడం, మల్లా ఒక దెబ్బ. ఇన్నేండ్లు ఈ గోడకు ఆనుకోని ఉండినదాన్ని, దేవేంద్ర చేయి నాకు తెలీదా? పిల్లోడు మగ్గం ఇడ్సలేక తిరుగుతాండాడు. వానికి ఉగ్గాని అంటే ప్రాణం. ఇంత తినిపోనీలే.”

తిమ్మక్క తన ఇంటి గడప ఎక్కాక మా అత్త పళ్ళేన్ని లోపలికి జరిపి, తలుపు దగ్గరగా లాగింది. నేను మగ్గం గుంట అంచున కూర్చుని, దయ్యానికి పెట్టిన తిండిని చివరి బొరుగు వరకూ తిన్నాను. ముందురోజే గ్యాస్ అయిపోయింది. ఎవరి పేరున వచ్చిందని కడుపు అడగదు. అయినా బజ్జీ కొరుకుతుంటే ఒళ్ళు జలదరించింది. ఈ ఇంట్లోకి తిండి ఎప్పుడూ ఆయన పేరునే వచ్చింది, పని ఎప్పుడూ నేనే చేశాను. ఆయన పోయినా అందులో ఏమీ మారలేదు.

ఆయన పోయి రెండో నెల నడుస్తోంది. యాడికిలో మా నేతగాళ్ళ వీధికంతా తెలిసిన సంగతి ఏమిటంటే, మొగుడు పోయిన అరుణజ్యోతి నడిమింట్లో మూల కూర్చుని ఉంది, అత్త అరుగు మీద ఉంది, మరిది ఓబిలేషు తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. మరి మూసిన తలుపు వెనక మగ్గం ఎవరు ఆడిస్తున్నట్టు? వీధి తన లెక్క తాను వేసుకుంది. ఎవరో వచ్చి గడపకు వేపమండ కట్టి పోయారు. నీళ్ళ ట్యాంకర్ వచ్చినప్పుడు మా ఇంటి ముందు బిందెలు వరస పెట్టడం మానేశారు. దయ్యమైనా నేస్తుందేమో గానీ, ఆ మూలనున్న కోడలు నేస్తుందని ఒక్కరికీ తోచలేదు. నాకు అన్నిటికంటే భయం వేసింది అందుకే.

నేను కాపురానికి వచ్చేనాటికి ఇది పేరున్న ఇల్లు. మా మామ నేసిన చీరంటే ధర్మవరం షావుకారు ఆంజినప్ప మడత విప్పకుండానే తీసుకునేవాడట. “ఆ ఇంటి చేయి” అనేవారట. మామ పోయాక ఆ పేరు దేవేంద్రకు వచ్చింది, చేయి రాలేదు. పెళ్ళయిన రెండో ఏడు ఆయనకు నడుము పట్టేసింది. “ఈ రెండు దినాలు నువ్వు కూచోమే, మల్ల నేను చూసుకుంటా,” అన్నాడు. నడుము సర్దుకుంది గానీ ఆయన మళ్ళీ గుంటలోకి దిగలేదు. “తలుపేసుకో. పెండ్లాంతో నేయించి తింటాండానని తెలిస్తే వీధిలో తలెత్తుకోలేను,” అనేవాడు. మా వీధిలో మగ్గం నేసే ఆడవాళ్ళు లేకపోలేదు. వాళ్ళవి గతిలేని ఇళ్ళట, మాది పేరున్న ఇల్లట. నేను నేస్తుంటే ఆయన పక్కనే మంచం మీద పడుకుని ఫోన్ చూసుకునేవాడు. ఎవరైనా తలుపు తడితే నేను పైకెక్కేదాన్ని, ఆయన గుంటలోకి దిగేవాడు. తలుపు తీసేసరికి తుండుతో లేని చెమట తుడుచుకుంటూ ఉండేవాడు. పాపం, అలిసిపోయినాడు, ఇంత టీ పెట్టియ్యి అని వచ్చినవాళ్ళు నాకు చెప్పేవాళ్ళు. నేను పెట్టి ఇచ్చేదాన్ని కూడా.

తిమ్మక్క చెప్పే ఆ ఆగడం నాదే. మా బిడ్డ నందిని కడుపులో ఉన్నప్పుడు కడుపు మగ్గం కర్రకు తగిలేది. పోగు బిగిసేలా పలకతో రెండు దెబ్బలు వేసి, ఊపిరి పీల్చుకుని, మూడోది వేసేదాన్ని. నందిని ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ ఆగడం మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. ధర్మవరంలో చీర ఇచ్చి వచ్చిన రోజు ఆయన మొహం వెలిగిపోయేది. “షావుకారు నా చేతిని మెచ్చుకున్యాడు మే,” అనేవాడు. మొదట్లో నాతో సరసమాడుతున్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, నిజంగానే నమ్మి చెబుతున్నాడని.

నేను కొత్తగా గుంటలో కూర్చున్న రోజుల్లో అత్త వంటింట్లో రొట్టె తడుతూ, ఇటు తిరగకుండానే తప్పులు చెప్పేది. “పలక అంత గట్టిగా గుద్దగాకు, జరీ తెగుతాది.” “తొక్కేటప్పుడు ఎడమకాలు ఆలస్యమైతాండాది.” ప్రతిసారీ ఆమె చెప్పిందే నిజమయ్యేది. చప్పుడు వింటేనే అంత ఎలా తెలిసిందని నేను ఆలోచించలేదు. కోడలి తప్పులు అత్తకు కనపడటంలో వింతేముంది అనుకున్నాను.

ఆయన పోయేనాటికి మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. కర్మ అయిన మర్నాడు అత్త, “అది పెండ్లిచీర. ముండమోసినదాని చేయి తగలగూడదు,” అంది. ఆ మాట అన్న మనిషే, బియ్యం డబ్బా అడుగు కనపడిన రోజు వచ్చి, తానే తలుపు వేసి, “నెయ్యి,” అంది. తిమ్మక్క దయ్యం మాట మొదలుపెడితే కాదనలేదు. నేను నేశానని తెలిస్తే ఆ చీర ఏ పెళ్ళికూతురూ కట్టదు. దయ్యం నేసిన చీరకు మాత్రం అభ్యంతరం లేనట్టుంది.

ఆ రోజుల్లో గుంటలో ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. తలుపు చప్పుడైతే చాలు, నా కాళ్ళు వాటంతటవే పైకి వచ్చేవి. ఆయన దిగాలి కదా. పైకొచ్చి నిలబడి, దిగే మనిషి కోసం మంచం వైపు చూసేదాన్ని. ఆయన పడుకునే చోట నవారు ఇంకా కుంగే ఉంది. నేయడం ఆపితే మంచం కిర్రుమన్నట్టుండేది. మొదలుపెడితే పలక లాగే చేతులు నావి కానట్టుండేవి. వీధి వీధంతా ఒకే మాట అంటుంటే, మూల కూర్చున్న మనిషి ఎన్నాళ్ళు కాదనుకోగలదు? నిజంగానే ఇది ఆయన చేయేమో, నాలో దూరి నేస్తున్నాడేమో అని ఒక మధ్యాహ్నం నాకే అనిపించింది. అడ్డపోగు విసిరే నాడె అక్కడే వదిలి, పెరట్లోకి పోయి, చేతులు ఎర్రబడేదాకా బండకేసి రుద్దుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది. అది ఆయన కోసం కాదు.

ఆ వారంలోనే పుష్పావతి వచ్చింది. ధరలకు తట్టుకోలేని ఇళ్ళకు ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో చెప్పడానికి మహిళా సంఘం వాళ్ళు పెట్టిన మనిషి. శుక్రవారాలు ఊరి సచివాలయం వరండాలో కూర్చుంటుంది. నేను గడప దాటకూడదు కాబట్టి తానే వెతుక్కుంటూ వచ్చింది. వేపమండ చూసి కూడా వెనక్కి తిరగలేదు. నేల మీదే కూర్చుని, గ్యాస్ సంగతి అడిగింది, కరెంటు బిల్లు అడిగింది, మగ్గమున్న ఇంటికి అందులో తగ్గింపు ఉంటుందని చెప్పింది. వితంతు పింఛనుకు తానే రాయిస్తానంది. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వేం పని చేస్తావుమ్మా?” అంది.

ఆ ప్రశ్న ఎన్నో ఏళ్ళుగా ఈ ఇంటికి వస్తూనే ఉంది. అడిగినవాళ్ళు ఆయన్ని అడిగేవాళ్ళు, “ఏం చేయదు, ఇంట్లోనే ఉంటాది,” అని ఆయన చెప్పేవాడు, నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉండేదాన్ని. ఈసారి అత్త అందుకుంది.

“దానికేం పని? ఇంట్లోనే ఉంటాది.”

పుష్పావతి మగ్గం వైపు చూసింది.

“మగ్గం ఎవురు నేస్తాండారు పెద్దమ్మా?”

“చిన్నోడు వస్తాడు.”

“బుధవారం చేనేత ఆఫీసోళ్ళు వస్తారు. మగ్గంలో కూర్చోని నేసేవాళ్ళని చూసి ఫోటో తీసుకుంటారు. ఎవురు నేస్తే నేతగాళ్ళ కార్డు వాళ్ళ పేరునే. సాయమొస్తే వాళ్ళకే. సొసైటీలో పట్టు కూడా వాళ్ళ పేరునే ఇస్తారు, ఇంక షావుకారు కాళ్ళు పట్టుకునే పని లేదు,” అంది పుష్పావతి. అత్తకు చెబుతోంది గానీ, నన్నే చూస్తోంది.

మంగళవారం ఓబిలేషు దిగాడు, ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకుని. మగ్గం వదిలేసి తాడిపత్రి చేరి చాలా ఏళ్ళయింది. చెడ్డవాడని అనను. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

“రేపు నేను కూర్చుంటా వదినా. పేరు నాది, పని నీది. ఆయితారం ఆయితారం వచ్చి చీర తీసకపోతా. ఇంటికి మగదిక్కు ఉన్నట్టుంటాది. అన్న ఉండాడనే అనుకో,” అన్నాడు.

అంటూనే పోయి ఆ మంచం మీద పడుకున్నాడు. అదే కుంగిన చోటు. మంచం కిర్రుమంది. ఫోన్ తీశాడు. దయ్యం తిరుగుతోందని వీధి అన్న మాట అబద్ధం కాదు.

బుధవారం తలుపు బార్లా తెరిచారు, ఫోటోకు వెలుతురు కావాలని. ఆఫీసువాళ్ళు ఇద్దరు, పుష్పావతి లోపల. తిమ్మక్క, ఇంకొంతమంది ఆడవాళ్ళు వేపమండకు అవతల. ఓబిలేషు తెల్లచొక్కాతో గుంటలో కూర్చున్నాడు.

“నాలుగు పోగులు నేసి చూపియ్యప్పా.”

నాడె విసిరాడు. పలక గడగడా లాగాడు. ఆగడం లేదు, ఏమీ లేదు. నాలుగోసారికి పోగు పుటుక్కున తెగింది.

“ఇది కాదు,” అంది తిమ్మక్క. “ఇది ఆ చేయి కాదు.”

“దేవేంద్ర ఎవుర్నీ కూర్చోనియ్యడు,” అంది వెనక ఎవరో.

ఓబిలేషు చేయి పలక మీదే బిగుసుకుపోయింది. నేను మూలలోంచి లేచాను. ఎవరైనా వస్తే గుంటలోంచి పైకి రావడమే నా కాళ్ళకు తెలుసు. నలుగురూ చూస్తుండగా దిగడం ఎప్పుడూ లేదు.

“లెయ్యప్పా ఓబిలేషూ.”

లేచాడు. నేను దిగి, తెగిన పోగు అతికాను. రెండు దెబ్బలు. ఊపిరి. ఒక దెబ్బ. అంచు తిరిగేదాకా తల ఎత్తలేదు. ఎత్తేసరికి తిమ్మక్క రెండు చేతులూ జోడించి ఉంది.

“దేవేంద్ర మీదికొచ్చినాడు,” అంది. “దీని మీదికొచ్చినాడమ్మా.”

కళ్ళెదురుగా నేసి చూపించినా ఆయనే. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ కోపం, అంతా ఒకేసారి.

“ఎవురూ రాలేదు తిమ్మక్కా. పెండ్లయిన రెండో ఏటి నుంచి ఈడ కూర్చున్యది నేనే. గోడవతల నుంచి నువ్వు ఇన్నేండ్లు విన్యది నన్నే. నీ ఉగ్గాని తిన్యదీ నేనే.”

తిమ్మక్క నా మాట నమ్మలేదు. అత్త వైపు తిరిగింది. “ఏం ఓబమ్మా? నిజమేనా?”

అందరూ అత్తనే చూస్తున్నారు. ఆమె ఒక్క మాటతో నేను నేతగత్తెనో, దయ్యం పట్టినదాన్నో అయిపోతాను. “అమ్మా, చెప్పు, అన్న నేసేటోడు కదా,” అన్నాడు ఓబిలేషు. అరుగు అంచున వేలాడుతున్న అత్త పాదాలు కదులుతున్నాయి, కుడి, ఎడమ, కుడి. నేను నేసినంతసేపూ కదిలాయేమో, నేనెప్పుడూ చూడలేదు.

పుష్పావతి మెల్లగా అడిగింది. “ఈ ఇంట్లో నేసేది ఎవురు పెద్దమ్మా?”

అత్త మోకాళ్ళు పట్టుకుని లేచింది. లోపలికి వచ్చి, నేను అతికిన పోగును బొటనవేలితో తడిమి చూసింది. చీర మీద చెయ్యి వేసింది.

“మొదట్లో దీనికి ఎడమకాలు ఆలస్యమయ్యేది. ఇప్పుడు కుదిరింది,” అంది. “దీని పేరు రాసుకో తల్లీ.”

వాళ్ళు రాసుకుంటుంటే, ఆమె మంచం వైపు చూసింది.

“దాని కింద నా పేరూ రాసుకో. మా ఆయప్ప కూడా ఆ మంచం మీదనే పండుకునేటోడు.”