వెనక్కి తిప్పిన గడియారం

అక్క సంచి సర్దుకుంటోంది. రెండు చీరలు, మందులు, ఉల్లికారం సీసా. ఆమె అటు తిరగగానే నీలం చీర తీసి నా పరుపు కింద దాచాను. దానికోసమైనా మళ్ళీ వస్తుందని.

గొంతు ఆపరేషన్ అయ్యాక సిద్దమ్మక్కకు మాట పోయింది. కల్లూరులో మా ఇంట్లో కోలుకుని, ఆ మధ్యాహ్నం బస్సుకు ప్రొద్దుటూరు పోతోంది. అక్కడ ఒక్కతే ఉండాలి. అందుకని ఇంజనీరింగ్ చదివే నా మనవరాలు నాగశ్రీ ఒక పాత లాప్‌టాప్ తెచ్చింది. తెలుగులో కొడితే పైకి చదివే ప్రోగ్రాం అందులో ఎక్కిస్తే అక్క మాట్లాడొచ్చు. పెద్దయ్యాక మేమిద్దరం కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకు గొంతవుతాయి.

“ఇప్పుడు మొదలుపెట్టొద్దే, రాహుకాలం,” అన్నాను.

నాగశ్రీ లాప్‌టాప్ గడియారాన్ని రెండు గంటలు వెనక్కి తిప్పింది. “చూడవ్వా, దీంట్లో ఇంగా రాలే.”

నా మనసు కుదుటపడింది. కానీ ప్రోగ్రాంను తనంతట తానే సిద్ధం చేయాల్సిన స్క్రిప్టు మొదట్లోనే ఆగిపోయింది.

“ఏమంటాండాది?”

“ఇప్పుడు పుట్టిన ఫైలు, ఇందాక కాపీ చేసినవాటికన్నా ముందే పుట్టినట్టుండాదంట. గడియారం సరిచేస్తే అయిపోతాది.”

“వద్దు తల్లీ! రాహుకాలంలో పడతాం.”

“నీ భయం పాడుగాను! స్క్రిప్టు లేకుంటే ఒక్కో ఫైలూ నేనే చేత్తో కలుపుకుంటా రావాల. బస్సు పోతాదేమో.”

అక్క పిల్ల భుజం తట్టి, కానీ అన్నట్టు తలూపింది.

నాగశ్రీ ఒక్కో ఫైలు పేరూ కొడుతోంది. తప్పొస్తే దిద్ది మళ్ళీ కొడుతోంది. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. ఫ్యాను కింద నాకు కునుకు పట్టింది. అక్క గొంతు ఇల్లంతా ముక్కలుగా పడి ఉంది, అటక మీద కొంత, బిందె వెనక కొంత. నాగశ్రీ వాటిని ఏరి దారానికి గుచ్చుతోంది.

“అన్నీ కలిపినా. కొట్టు పెద్దవ్వా.”

కళ్ళు తెరిచాను. అక్క ఒంటి వేలితో కొట్టింది. లాప్‌టాప్‌లోంచి ఒక గొంతు, నిద్రలో మాట్లాడినట్టు, పలికింది. “నా నీలం చీర యాడ పెట్టినావే?”

“మగోని గొంతేందే!” అన్నాను సిగ్గుతో.

అక్క చప్పుడు లేకుండా, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మళ్ళీ కొట్టింది.

“ఉండనీలే. దానికోసం వస్తా.”

అక్క బస్సెక్కేసరికి గోడ గడియారంలో రాహుకాలం దాటిపోయింది. లాప్‌టాప్‌ గడియారాన్ని మాత్రం నేను సరిచేయనివ్వలేదు. చీర ఇప్పటికీ పరుపు కిందే ఉంది.

సిద్దమ్మక్క తిరిగి రాలేదు. రెండువేల ఎనిమిది మాఘమాసంలో ప్రొద్దుటూరులో పోయింది.