గ్లాసులో చూడని పెట్రోలు

నాకు ముక్కు మీద కోపం. ఆ ఆదివారం పొద్దున బావ దాన్ని గెలికాడు.

చిన్న విమానాలు దిగే మైదానంలో నేను మెకానిక్కుని. బావకు సొంతంగా రెండు సీట్ల విమానం ఉంది. ఎగిరే ముందు రెక్కల కింది మరలు తిప్పి, రెండు ట్యాంకుల్లోంచీ కాస్త పెట్రోలు గాజు గ్లాసులో పట్టి చూడాలి. నీళ్ళు కలిసుంటే అడుగుకు దిగుతాయి. ఆ నీళ్ళు లోపలికి పోతే ఇంజను ఆగిపోతుంది. నిజానికి ఆ పని నడిపేవాడిదే. బావ బద్ధకం తెలిసి నేనే చేసిపెట్టేవాణ్ణి.

ఆ రోజు గ్లాసు పట్టుకుని రెక్క కింద వంగానో లేదో, "మీ తమ్ముడు చూసేది నీళ్ళు కాదే, నా జాతకం!" అన్నాడు అక్కతో. అక్క పడీపడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. మర తిప్పకుండానే గ్లాసు పనిముట్ల పెట్టెలో పడేసి, మాట్లాడకుండా వచ్చేశాను. అవసరమైతే తనే చూసుకుంటాడులే అనుకున్నాను. ముందురోజంతా వాన కురిసిందని, ట్యాంకుల్లోకి నీళ్ళు దిగి ఉండొచ్చని తెలిసి కూడా.

బావ ఒక్కడే ఎగిరాడు. అరగంట తర్వాత రేడియో గదిలో బావ గొంతు వినిపించింది.

"ఒరేయ్, రెండో ట్యాంకుకి మార్చగానే ఇంజను దగ్గి ఆగిపోయిందిరా."

మైకు అందుకున్నాను. "మొదటిదానికి మార్చు బావా!"

"మార్చాను. అంటుకోవట్లేదు."

"ఎక్కడైనా దించెయ్!"

"ఎక్కడ్రా? కిందంతా బండలే."

పెట్టె నిండా పానాలున్నాయి, ఏం లాభం? ఏడుపొచ్చేసింది. "నేను నీళ్ళు చూడలేదు బావా. అలిగి వచ్చేశాను."

"గ్లాసు లోపల పెడుతుంటే చూసేశావనుకున్నాన్రా. నేనూ చూడలేదు. సరేలే, అక్క అడిగితే చూశాననే చెప్పు."

స్పీకరు మోగుతూనే ఉంది. అక్క నా పక్కనే నిలబడి ఉంది. నా చేతిలోని మైకు లాక్కుంది.

"ఏమండీ, నేనిక్కడే ఉన్నాను. వింటున్నారా? ఏమండీ!"

మీట నొక్కితేగానీ అవతలికి వినబడదని అక్కకు తెలియదు. నేను చెయ్యి చాచి నొక్కాను. మళ్ళీ పిలిచింది. మీట వదిలి చూస్తే, స్పీకరులో బుసబుసమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇంకోసారి నొక్కరా," అంది అక్క. నొక్కాను.