మరిగే పాలలో మందు

లేవగానే చెల్లి మోకాళ్లకు వేడి కాపడం పెట్టాలి. శుక్రవారం సూది మందు వేయించాలి. ఆ సూదితో ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి నోట్లోకి వెళ్లే ప్రతిదీ మరగబెట్టాలి. రోజూ పొద్దున ఒక పొట్లం పొడి పాలలో కలిపి తాగించాలి.

ఇవన్నీ కాగితం మీద రాసి వంటగది తలుపుకు అంటించింది నేను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. అమ్మ బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టేది. అక్షరం ముక్క రాదు. తొమ్మిదేళ్ల చెల్లి కుంటుకుంటూ వచ్చి ఆ కాగితం చదివి వినిపించేది.

“నాలుక కాలుతోందే అమ్మా, తాగను పో!”

“ఊదుకుని తాగవే తల్లీ. మీ అక్క రాసిందంటే జడ్జి రాసినట్టే.”

చెల్లిది కీళ్లవాతం. అది పిల్లలకూ వస్తుందని అప్పటిదాకా మాకు తెలియదు. సూదికి తోడుగా ఈ పొడి కూడా ఇచ్చి చూద్దామని డాక్టరమ్మ అన్నారు. నాలుగు నెలలు గడిచినా కుడి మోకాలు సాగలేదు.

“పొడి ఎలా కలుపుతున్నారమ్మా?” ఆస్పత్రిలో నర్సు అడిగింది.

“కళపెళ కాగే పాలలో,” అమ్మ గర్వంగా చెప్పింది. “ఒక్క క్రిమి బతికితే ఒట్టు!”

నర్సు నవ్వలేదు. “ఆ పొడిలో ఉన్నవే క్రిములమ్మా. మంచివి. అవి బతికుంటేనే అది మందు.”

డాక్టరమ్మ తలెత్తారు. “మరగబెట్టమని ఎవరు చెప్పారు?”

చెల్లి నా వైపు చూసింది.

“ఎవరూ చెప్పలేదమ్మా,” అంది అమ్మ. “చదువురాని మొద్దుని, నాకు తోచింది చేశాను. మా పెద్దది వద్దనే అంది.”

“సరిగ్గా కలిపినా పనిచేసేదో లేదో చెప్పలేం. మాకే ఇంకా పూర్తిగా తెలీదు. సూది మానలేదు, అదే ముఖ్యం,” అన్నారు డాక్టరమ్మ. ఆ మాట అమ్మ చెవికెక్కలేదు.

బస్సులో పొట్లం తిప్పి చూశాను. వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది, వేడి పదార్థాల్లో కలపరాదని. నాలుగు నెలల్లో ఒక్కసారీ చదవలేదు నేను.

“నిజం చెప్పొచ్చుగా అక్కా,” అంది చెల్లి.

“నోర్ముయ్యవే,” అని అమ్మ దాని కాలు ఒళ్లోకి లాక్కుంది. “మీ అక్క నలుగురిలో తలెత్తుకు తిరగాల్సిన పిల్ల.”

చెల్లి మోకాలు ఇప్పటికీ పూర్తిగా సాగదు. అమ్మ పోయి మూడేళ్లయింది. పోయేదాకా, “నా చదువులేనితనమే దాని కాలు తినేసింది,” అని చుట్టాలందరికీ చెప్పుకుని ఏడ్చేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. ‘నువ్వు కాదమ్మా, నేను’ అని ఒక్కసారీ అనలేకపోయాను.

చదివినవారికి ఒకటే విన్నపం. మా అమ్మను పొరపాటు చేసిన మనిషిగా గుర్తుపెట్టుకోకండి. నూట ఇరవై రోజులు, ఒక్క పూట తప్పకుండా, చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషిగా గుర్తుపెట్టుకోండి.