బటన్ మీద టేపు

అయినా టేపు అంటించడానికి ఎంతసేపు, జానెడు ముక్క చింపి, రేకుల్ని మూతలుగా కొట్టే ప్రెస్సుకున్న రెండు బటన్లలో ఎడమదాని మీద బిగిస్తే అది రోజంతా నొక్కినట్టే ఉంటుంది, కుడిచెయ్యి ఒక్కటే నొక్కుతూ పోతుంది, ఖాళీగా ఉన్న ఎడమచేత్తో రేకులు లోపలికి తోసుకోవచ్చు, గంటకు వంద మూతలకు బదులు నూటయాభై, సూపర్‌వైజర్ అబద్ధం చెప్పడు, సగం నిజం చెబుతాడంతే, అందరూ అంటించుకున్నారమ్మా, నీ ఒక్కదానికే ఏమొచ్చింది, భోజనాల లోపు అంటించు, లేదంటే రేపట్నుంచి పెట్టెలు మోసే పనికి పో అని టేపు చుట్ట ఆమె ప్రెస్సు మీద పడేసి పోయాడు, పెట్టెలు మోసే పనికి పంపినవాళ్ళెవరూ నెల తిరిగేదాకా ఉండలేదు, పొమ్మనలేక పొగబెట్టడం అంటే అదే మరి, ఉద్యోగం పోతే ఇంట్లో ఇంకో సంపాదనా లేదు, పక్క ప్రెస్సు మీద పెద్దన్న కూడా అంటించేశాడు, పొద్దుట్నుంచి ఆమె వైపు తల తిప్పడంలేదు, పెద్దన్నే, ఎవరైతే ఆమె చేరిన రోజున రేకు పెట్టు తల్లీ, చేతులు వెనక్కి తీసుకో, రెండు బటన్లూ కలిపి నొక్కు అని నేర్పాడో ఆ పెద్దన్నే, రెండెందుకన్నా అంటే, నీ రెండు చేతులూ బయటున్నాయని దానికి తెలియాలిగా, దానికి కళ్ళు లేవు అని నవ్వాడు, ఆయన కుడిచేతికి చూపుడువేలూ మధ్యవేలూ లేవని ఆమె చూసింది ఆ రోజే భోజనాల దగ్గర, డబ్బా మూత ఆయన పళ్ళతో తీస్తుంటే.

ఏముందమ్మా అన్నాడు పెద్దన్న అప్పుడు, ఆ రోజుల్లో టేపు కాదు, బటన్ సందులో చెక్కముక్క దోపమన్నారు, దోపాను, నా వేళ్ళు వెతికేలోపే చెక్కముక్క మాయం చేశారు, ఆసుపత్రి మంచం మీద ఎడమచేత్తో సంతకం పెట్టించుకున్నారు, అంతా నా అజాగ్రత్తేనని, వేళ్ళు పోయినందుకు కాదు తల్లీ, ఆ సంతకానికే నాకు నిద్ర పట్టదు, అన్న మనిషి ఈరోజు మళ్ళీ ఎలా అంటించాడు, భయం, ఇంకేముంది, ఒకసారి కాలిన చేతినే మళ్ళీ పొయ్యిలో పెట్టించగలదు భయం, పొద్దున పిల్లకి జడ వేస్తుంటే అమ్మా గట్టిగా లాగకు అంది, మూడు పాయలు, పది వేళ్ళు, ఒక్క వేలు తక్కువైనా ఆ జడ జారిపోతుంది, వీళ్ళ మూతల కోసం నా పిల్ల జడ నేనెందుకు వదులుకోవాలి, ఆమెకు ఒళ్ళు మండింది, మండనీ.

ఇంకా అంటించలేదా అన్నాడు సూపర్‌వైజర్ వెనకనుంచి, మీరే అంటించండి సార్ అంది ఆమె, టేపు చుట్ట ఆయన ముందుకు చాచి, అంటించి, మీరే అంటించారని మీ షిఫ్టు రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టండి, తమాషాగా ఉందా నీకు, లేదు సార్, మీ సంతకం, నా వేళ్ళు, సరిపోతుందిగా, ఆయన చెయ్యి టేపుదాకా వెళ్ళి ఆగింది, ఆ చేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి, రేపు పెట్టెల దగ్గరికి పో అన్నాడు, పోతాను, అక్కడికీ పది వేళ్ళతోనే పోతాను అంది, అంతలో పక్క ప్రెస్సు ఆగింది, పర్రుపర్రుమని ఆగి ఆగి టేపు ఊడదీసిన చప్పుడు, మూడువేళ్ళ చెయ్యి ఊడదీస్తే అంతసేపు పడుతుంది కాబోలు, ఆమె తిరిగి చూడలేదు, రేకు పెట్టింది, చేతులు వెనక్కి తీసుకుంది, రెండు బటన్లూ కలిపి నొక్కింది, పెద్దన్న రెండు వేళ్ళిచ్చి నేర్చుకున్నది తనకు ఊరికే దొరికింది, ఊరికే దొరికింది కదా అని ఊరికే పోనివ్వదు.