ఎడమవైపు రెండు తులాలు

పొద్దున్నే దుకాణం తెరవడం, బాగుచేసిన ఫ్యాన్లు తిప్పి చూడడం, ఏదైనా ఊగితే తేలికపాటి రెక్కకి సీసం ముక్క అంటించడం, ఇదీ ఆవిడ పని. "మనుషులు అబద్ధమాడతారమ్మా, తిరిగే వస్తువు అబద్ధమాడదు" అనేది.

అందుకు సాక్ష్యం ఇంట్లోనే ఉంది. వాళ్ళాయన దర్జీ. ఖాళీగా నిలబడితే చాలు, ఉన్నచోటే తిరుగుతాడు. చేతులు చాపితే నిదానంగా, గుండెకి దగ్గరగా ముడిస్తే గిర్రున. దేవుడు ఒక్కొక్కరినీ ఒక్కో తీరున చేశాడు, ఆయన్ని ఇలా చేశాడు. వీధివాళ్ళు 'బొంగరం బావగారు' అని పలకరించి, పక్కకి తప్పుకుని పోయేవాళ్ళు.

ఇరవై ఏళ్ళు నిటారుగా తిరిగిన మనిషి, చూడండి, ఒకనాడు ఊగాడు. ఎడమ భుజాన్ని ఎవరో బయటికి లాగినట్టు! మర్నాడూ అంతే.

ఆవిడ మనసులో అనుమానపు నలుసు పడింది. ఎడమ జేబులో ఏదో దాస్తున్నాడు. తడిమితే దారప్పోగు తప్ప ఏమీ లేదు. కొత్తగా ఒకావిడ గౌన్లు కుట్టించుకోవడానికి తెగ వస్తోంది కూడాను.

"ఏమండీ, చొక్కా విప్పండి."

"పట్టపగలా?"

"వేళాకోళం వద్దు. విప్పి తిరగండి."

చొక్కా లేకపోయినా ఊగాడు. ఆవిడ సీసం ముక్కలు తెచ్చి కుడి డొక్క మీద ఒక్కోటే అంటిస్తూ తిప్పింది. సరిగ్గా రెండు తులాలకి ఊగుడు ఆగింది.

"రెండు తులాలు! ఎవరికి చేయించారు గొలుసు? ఎక్కడ దాచారు?"

"నీకే చేయించలేనివాణ్ణి, ఇంకొకరికి చేయిస్తానటే? ఒంటిమీద చొక్కాయే లేదు, ఎక్కడ దాస్తాను?"

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నిజమే. చొక్కా లేదు, జేబూ లేదు. మరి ఆ బరువు లోపలే ఉండాలి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎడమ డొక్కలో కణితి చూపించింది. "నొప్పి లేదు, పైకి తెలీదు. ఏడాది ఆగుంటే నా చేతుల్లో ఉండేది కాదు. ఎలా కనిపెట్టారు?"

"ఊగారండీ."

డాక్టరమ్మ తలూపి, కాగితం మీద 'ఊగుడు, ఎడమకి' అని రాసుకుంది.

కణితి తీసేశారు. దేవుడి దయవల్ల ఆయన మళ్ళీ నిటారుగా తిరిగాడు. ఆవిడ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. మధ్యలో ఒక కన్ను తెరిచి చూసింది కూడా.

ఇప్పటికీ ఆయన గుమ్మం దాటబోతుంటే పిలుస్తుంది.

"ఏమండీ, ఓ చుట్టు తిరిగి వెళ్ళండి."

"నన్నింకా నమ్మవా?"

"మిమ్మల్ని నమ్ముతాను. మీ ఎడమ పక్కని మాత్రం నమ్మను."