మామయ్య చేతికి బాతు

కేకుల మీద పేర్లు రాయడం నా వృత్తి. మా బేకరీలో నా అక్షరాలు చూసి, ఇది చేత్తో రాసిందా, అచ్చు గుద్దిందా అని అడిగినవాళ్లున్నారు. అడగనివాళ్లకు నేనే చెబుతుంటాను. నా కుడిచెయ్యి గురించి మాట్లాడటం మొదలుపెడితే మా అక్క టీవీ సౌండు పెంచుతుంది. ఈ కథలో ఆ చేతి పరువు పోతుంది కాబట్టి దాని గొప్ప ముందే చెప్పేస్తున్నాను.

నేను ఉండేది అక్క వాళ్లింట్లోనే, పై గదిలో. అక్క కూతురికి ఆరేళ్లు. ఎవరి గొడవకైనా అడక్కుండానే తీర్పు చెప్పేస్తుంది కాబట్టి అందరం జడ్జిగారంటాం. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లకు ఎడమచెయ్యి బలహీనం. దాంతో పట్టుకోగలదు, కానీ పట్టుకోదు. ఏ పనైనా కుడిచేత్తో, పళ్లతో, గడ్డంతో కానిచ్చేస్తుంది. "ఆ చెయ్యి కాదమ్మా, రెండోది" అన్న మాట మా ఇంట్లో గోడలకు కూడా కంఠతా వచ్చు.

ఆమధ్య పిల్లల థెరపీ సెంటర్లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, రోజూ సాయంత్రం కాసేపు బలహీనమైన చేత్తోనే ఆడించాలి. తాడుకు క్లిప్పులు తగిలించడం, తడి స్పాంజి పిండడం, పూసలు ఏరి గిన్నెలో వేయడం, ఇలాంటివి. కొన్ని వారాలయ్యాక తొడుగు తీసేసి పరీక్ష పెడతారు.

"పట్టుకోగలదని నాకూ తెలుసమ్మా," అంది థెరపిస్టు మేడమ్ అక్కతో. "ఎవరూ చెప్పకుండా ఆ చెయ్యి తనంతట తను వస్తుందా, అది చూడాలి."

అక్క ఆశంతా ఆ ఒక్క మాట మీదే పెట్టుకుంది.

తొడుగు మీద పసుపు బాతు బొమ్మ ఉంది. జడ్జిగారు దాన్ని ఎగాదిగా చూసి సోఫా కిందికి విసిరేసింది. బతిమాలాం, బెదిరించాం. రోజూ ఇదే తంతు. ఇలాగైతే పరిశోధన నుంచి తప్పుకోవాల్సిందేనని అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు నేను తగుదునమ్మా అని ముందుకొచ్చాను.

"నేను కూడా వేసుకుంటాలే. అదెంత పని."

"నువ్వా?" అంది జడ్జిగారు.

"నేనే. ఎడమచేత్తో కూడా నీకంటే బాగా చేస్తా, చూడు."

మేడమ్ నా కొలతకు ఒక పెద్ద తొడుగు కుట్టించి పంపింది. దాని మీద కూడా బాతే.

నా మాటలు కోటలు దాటాయి గానీ పూస గిన్నె అంచు దాటలేదు. మొదటిది మంచం కిందికి పోయింది, తర్వాతది నా కాఫీలో పడింది. స్పాంజి పిండితే నీళ్లన్నీ నా ఒళ్లోకే వచ్చాయి. జడ్జిగారు నవ్వి నవ్వి, ఇక చూడలేక, సోఫా కింద దూరి తన బాతును వెతికి తెచ్చుకుంది. "అలా కాదు మామయ్యా, ముందు వేళ్లు తెరువు. తొందరపడకు," అని అచ్చం మేడమ్ గొంతుతో పాఠం మొదలుపెట్టింది. బేకరీలో మిగిలిన క్రీము తెచ్చి పళ్లెంలో ఇద్దరం ఎడమచేతులతో సున్నాలు చుట్టేవాళ్లం. నాదానికంటే ఆ పిల్లదే గుండ్రంగా వచ్చేది. ఈ సంగతి బేకరీలో ఎవరికీ తెలియదు.

నాది ఆరంభశూరత్వం. ఒకరోజు వంటింట్లో చాటుగా బాతును చంకలో ఇరికించుకుని, కుడిచేత్తో హాయిగా కేకు తింటున్నాను. తల తిప్పితే గుమ్మంలో జడ్జిగారు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. నోటినిండా కేకు ఉండటంతో వాదించుకునే వీలు కూడా లేకపోయింది.

"పరీక్ష అయిపోయేదాకా నాతో ఉన్నప్పుడల్లా వేసుకోవాలి. బయటికెళ్లినా సరే."

అప్పీలు లేదు. అందుకే పరీక్ష రోజున థెరపీ సెంటర్లో అంతమంది తల్లిదండ్రుల మధ్య ఇంత మీసం ఉన్న నేను చేతికి బాతుతో కూర్చున్నాను. ఎవరి పాపో వచ్చి బాతుకు ముద్దు పెట్టి వెళ్లింది.

లోపల ఏం జరుగుతోందో అద్దంలోంచి చూడనిచ్చారు. మూతలున్న డబ్బాలు, జిప్పు సంచీ, కాగితంలో చుట్టిన బొమ్మలు ముందు పెట్టారు. మా పిల్ల బాగా పరీక్ష రాయాలన్నట్టు బిగుసుకుని కూర్చుని, డబ్బాను పొట్టకు ఆనించి, సంచీని పళ్లతో పట్టుకుని, కుడిచేత్తోనే అన్నీ తెరిచేసింది. ఎడమచెయ్యి ఒళ్లోంచి కదల్లేదు. అక్క అద్దానికి ఆనించిన వేళ్లు తీయలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ కోతివేషాలు వేసింది ఇందుకా అనిపించింది.

బయటికి రాగానే ఆకలన్నది పిల్ల. సంచీలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీశాను. ఎడమచేత్తో చించబోతే జారింది. మోకాళ్ల మధ్య పెడితే నలిగింది. పళ్లతో లాగితే రేపర్ ముక్క నాలుకకు అంటుకుంది. అచ్చు గుద్దినట్టు రాసే మనిషిని నేను.

"నీకు చేతకాదు మామయ్యా. ఇటు తే."

ప్యాకెట్ లాక్కుంది. ఎడమచెయ్యి వచ్చి దాన్ని పట్టుకుంది, కుడిచెయ్యి చించింది. ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల కూడా గమనించుకోలేదు.

నేను నోరెత్తకుండా అక్క నా చెయ్యి గిల్లింది. తలుపు దగ్గర మేడమ్ నిలబడి ఉంది. మెల్లగా వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"ఇప్పుడు మార్కులు మార్చడం కుదరదమ్మా. పరీక్ష పరీక్షే. కానీ నేను చూశాను."

అక్క తలవంచుకుని ఏడ్చేసింది. మేడమ్ నావైపు తిరిగి గొంతు తగ్గించి, "మీరు నిజంగానే అంత చేతకానివారా, నటించారా?" అని అడిగింది. నటించానంటే పరువు దక్కేది.

"నిజంగానేనండి," అన్నాను.

"అయితే ఇంకొన్నాళ్లు ఇలాగే ఉండండి."

జడ్జిగారు ఒక బిస్కెట్ తను తిని, ఇంకొకటి నాకివ్వబోయింది. ప్యాకెట్ ఇంకా ఎడమచేతిలోనే ఉంది. నేను అలవాటు చొప్పున బాతును ముందుకు చాచాను.

"ఆ చెయ్యి కాదు మామయ్యా," అంది ఓపిగ్గా. "రెండోది."