వహంగి గిన్నె

కోటుకు చేతులు ఎక్కించడంలో మన్నూబియాను మించినవాళ్ళు మొనస్తీర్ ఊళ్ళోని కోట్ల ఫ్యాక్టరీల మొత్తం మీద లేరు. ఆ మాట ఆవిడ చెప్పుకోదు గానీ, ఎవరైనా అంటే కాదనదు కూడా. కోటు చంక కన్నా చేతి గుడ్డ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ ఎక్కువను ముడత పడకుండా ఇమిడ్చేయాలి. మిగతావాళ్ళు గుండుసూదులు గుచ్చుకుని నానా తంటాలు పడతారు. ఈవిడ ఒక్క సూది గుచ్చకుండా, కబుర్లు చెబుతూనే కుట్టేస్తుంది.

అలాంటి మనిషి పక్కన మడగాస్కర్ నుంచి ఒక పిల్లను తెచ్చి కూర్చోబెట్టారు. పేరు వహంగి. నెల రోజులు పని నేర్చుకుని, వాళ్ళ ఊరు వెళ్ళి నమూనా కోట్లు కుట్టించాలి. అవి కోట్లు కొనే పారిస్ వాళ్ళకు నచ్చితే ఇక్కడి పనంతా అక్కడికే పోతుంది. అక్కడ కూలి తక్కువట. నచ్చకపోతే ఇక్కడే ఉంటుంది. మేనేజరు ఈ సంగతిని పెళ్ళి కబురులా నవ్వుతూ చెప్పాడు. సిగ్గుండాలి మనిషికి.

"దానికి నేర్పావో, మన నోట్లో మనమే మట్టి కొట్టుకున్నట్టు," అంది ఎదురు మిషను మీది సాల్హా. భర్త పోయాడు, పిల్లల్ని ఆ మిషనే సాకుతోంది.

"నాకేమైనా పిచ్చా?" అంది మన్నూబియా.

నేర్పినట్టే నేర్పింది. తను చేసేదానికి తిరగేసి, చేతి గుడ్డ పైకి పెట్టించి, చుట్టూ సూదులు గుచ్చించింది. వహంగి కుట్టిన ప్రతి చెయ్యీ ముడతలే. పాపం ఆ పిల్ల విప్పేది, మళ్ళీ కుట్టేది. ఎవరూ పలకరించేవారు కాదు.

అయితే శుక్రవారం గోధుమ రవ్వతో కుస్కుస్ వండుకుని, పరాయి పిల్ల ఒంటరిగా ఉందని తెలిసీ తింటే గొంతు దిగుతుందా? మన్నూబియాకు దిగలేదు. గిన్నె నిండా తీసుకెళ్ళి ఆ పిల్ల ఉండే హాస్టల్లో ఇచ్చింది. "తిను. పని వేరు, ఇది వేరు," అంది మొహం చిట్లించుకుని.

మర్నాడు వహంగి వేరే గిన్నె తెచ్చింది. అంచు సొట్టపడిన సత్తు గిన్నె, దాని నిండా ఆకుకూర అన్నం.

"మీది చేయి జారి పగిలింది పిన్నీ. ఇది మా అమ్మది. ఇక్కడ గిన్నె ఖాళీగా ఇవ్వకూడదటగా, వాచ్‌మన్ తాత చెప్పాడు."

"మీ అమ్మ గిన్నె నాకెందుకే? తెచ్చిస్తాలే."

తేవడమంటే ఖాళీగా తేకూడదు మరి. చివరి రోజున ఖర్జూరం మిఠాయిలు నింపి తెచ్చింది. వహంగి మిషను మీద తల వాల్చుకుని ఉంది. ఒళ్ళో మళ్ళీ ముడతలు పడిన చెయ్యి.

"నేను నేర్చుకుని వస్తానని ఊళ్ళో ఆడపిల్లలంతా కాసుకుని కూర్చున్నారు పిన్నీ. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

మన్నూబియా గిన్నె వంక చూసింది. నిండుగానే ఉంది. అయినా ఖాళీ గిన్నె ఇస్తున్నట్టే అనిపించింది. సాల్హా తననే చూస్తోందని తెలుసు. తల ఎత్తలేదు.

"సూదులు పీకేయ్. గుడ్డ తిరగేయ్, చెయ్యి కిందికి రావాలి. ఎక్కువున్న గుడ్డను మిషను కింది పళ్ళే లాక్కుంటాయి. నువ్వు వేలితో అందిస్తే చాలు." వహంగి వేలి మీద తన వేలు పెట్టి నడిపించింది. కుడి చెయ్యి నున్నగా కూర్చుంది.

వహంగి ఆ చేతిని తడిమి, ఆవిడ మొహంలోకి చూసింది. నెలంతా ఏం జరిగిందో అర్థమైంది.

"మరి మీ పని, పిన్నీ?"

ఎదురు మిషను ఆగింది. సాల్హా లేచి వచ్చి కోటు అందుకుని, కుట్టు వెంట గోరు పోనిచ్చింది. మన్నూబియా తిట్లకు సిద్ధపడింది.

"ఎడమ చెయ్యి ఇలా రాదే, పిచ్చిమొహమా. వెనక నుంచి మొదలెట్టాలి," అంది సాల్హా, వహంగి పక్కకు స్టూలు లాక్కుంటూ. "జరుగు."